బొమ్మ ముందు, మాట తర్వాత

వదినకు చూపులో నడిమి భాగం పోయింది, అంచులు మిగిలాయి. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది. ఆ మనిషి చేతిలో సంచి ఉందని, కాళ్ళకు చెప్పులున్నాయని తెలుస్తుంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఒక మచ్చ ఉంటుంది. ఇది తగ్గేది కాదని, ఇంకా పెరగకపోతే అదే పదివేలని డాక్టరు చెప్పాడు.

ఆమె హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైంది. బడిలో అన్ని కాలాల గురించీ చెప్పింది గానీ ఇంటికొచ్చి చదువుకున్నది ఒక్క రినైసాన్స్ గురించే, ఐదారు వందల ఏళ్ళ కిందటి ఆ చిత్రకారుల కాలం గురించే. ఆ నగరాలకు ఆమె ఎన్నడూ వెళ్ళలేదు. ఆ బొమ్మల ముందు నిలబడలేదు. ఏ వ్యాపారి ఏ చిత్రకారుడికి పని పురమాయించాడు, నీలం రంగు రాయి ఎంత దూరం నుంచి వచ్చేది, తడి సున్నం మీద వేసిన రంగు ఎందుకు ఊడదు, ఇవన్నీ పుస్తకాల్లోంచే తెలుసు. భర్త పోయాక చెల్లెలి ఇంటి మేడ మీది గదికి మారినప్పుడు, మంచం కంటే ముందు పుస్తకాల అలమరా మెట్లెక్కింది.

చూపు పోయాక చదివిపెట్టే పని చెల్లెలి భర్త మీద పడింది.

ఆయన ఒక వారపత్రికలో ప్రూఫ్ రీడరుగా చేసి మానుకున్నవాడు. ప్రెస్సులో ఆయనకు భూతద్దం అని పేరు. ఆయన చేతి మీదుగా వెళ్ళిన పేజీలో అచ్చుతప్పు దొరికితే టీ పార్టీ ఇస్తామని కంపోజింగ్ వాళ్ళు పందెం కాసేవారు. ఆ టీ ఎవరూ తాగలేదు. పేరు ప్రెస్సులో ఆగకుండా ఇంటిదాకా వచ్చింది. భార్య ఒక్కతే అలా పిలవదు. వదిన అలా తప్ప పిలవదు.

"వచ్చావా భూతద్దం? నిద్రపోయి వచ్చావా, ఇక్కడ పోతావా?"

"మీరు పాఠం చెబితే పోతాను వదినా. చదివేది నేనే కాబట్టి కుదరదు."

"నా క్లాసులో నిద్రపోయినవాళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. నువ్వే మేలుకుని ప్రూఫ్ రీడరువయ్యావు. చదువు."

చదవడం ఆయనకు కష్టం కాదు. బొమ్మ చెప్పడం కష్టం. బొమ్మను చెప్పడానికి వదిన ఒక పద్ధతి పెట్టింది. బడిలో పిల్లలకు నేర్పిన పద్ధతే. నాలుగు మూలల్లో ఏముందో ముందు చెప్పాలి. తర్వాత అంచుల వెంబడి రావాలి. మధ్యలో ఉన్న మనిషిని చివరన చెప్పాలి. మధ్యలో ఉన్నది ఎక్కడికీ పారిపోదని ఆమె అంటుంది. కళ్ళు పాడైన తర్వాత కూడా ఆ మాటే అంటుంది. ఆయనకు మొదట్లో అది వినడం ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైంది.

ఒకసారి ఒక బరువైన బొమ్మల పుస్తకాన్ని వీధి చివరి లైబ్రరీ నుంచి చెల్లెలే తెచ్చింది. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. పుస్తకాల జోలికి పోదు గానీ బరువులు మోస్తుంది. రినైసాన్స్ కాలంలో ఆడవాళ్ళ బొమ్మలు ఎలా వేశారన్నది ఆ పుస్తకం విషయం. ముందు సగం వ్యాసాలు. వెనక సగం బొమ్మలు, పేజీకి ఒకటి. రంగు అంటుకోకుండా ప్రతి బొమ్మ మీదా ఒక ఉల్లిపొర కాగితం ఉంది. ఆ పొర మీద, కింది బొమ్మ ఎవరిదో రెండు మూడు వాక్యాలు అచ్చేశారు.

మొదటి బొమ్మ మీది పొర లేదు. ఎవరో ఎప్పుడో చింపేశారు.

భూతద్దం వెనక సగానికి వచ్చి మొదటి బొమ్మ చెప్పాడు. తర్వాతి కాగితం తిప్పితే పొర వచ్చింది, దాని మీద మాటలున్నాయి. చదివాడు. పొర ఎత్తాడు, రెండో బొమ్మ చెప్పాడు. మళ్ళీ పొర, మళ్ళీ మాటలు. ఆయన పనిచేసిన పత్రికలో పేజీ కట్టే పద్ధతి అదే. ముందు బొమ్మ అచ్చు దిమ్మ బిగించేవారు, దాని కిందకు మాటలు వచ్చేవి. బొమ్మ ముందు, మాట తర్వాత. ఉద్యోగమంతా ఆయన చూపు పేజీ మీద అలాగే దిగింది. ఇక్కడా అలాగే దిగింది. ప్రతి బొమ్మకూ దాని తర్వాతి బొమ్మ మాటలు తగిలించుకుంటూ పోయాడు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. ఎదురుగా ఉన్నామెకు తెలిసే దారి లేదు.

ఒక్కసారి మాత్రం ఆగాడు.

"బట్టల వ్యాపారి భార్య, భర్త పోయాక, అరవయ్యో ఏట," అని చదివి, వెనక్కి తిప్పి బొమ్మ చూశాడు. "వదినా, ఈవిడకి అరవై ఏళ్ళంటే నమ్మేలా లేదు."

"ఎన్నున్నాయి?"

"ఇరవై దాటినట్టు లేవు."

వదిన నవ్వింది. "వేసినవాడికి కూలి ఇచ్చింది ఆవిడే కదా. ముడతలు వేస్తే ఊరుకుంటుందా? నా గుర్తింపు కార్డుకి ఫోటో తీసినవాడికి ఆ పాటి బుద్ధి లేకపోయింది."

ఆయనా నవ్వాడు. తర్వాతి బొమ్మలో ముసలావిడ ఉంది. దాని తర్వాతి పొర మీద 'పేరు తెలియని స్త్రీ' అని ఉంది. పేరు తెలియని స్త్రీ ముసలిది కాకూడదని ఏమీ లేదు. ముందుకు పోయాడు.

ఆ తర్వాతి బొమ్మ దగ్గరే అంతా మొదలైంది.

"పై ఎడమ మూల చీకటి," అన్నాడు. "పై కుడి మూల కిటికీ అంచు. కింద ఎడమ మూల బల్ల. కింద కుడి మూల ఆమె చెయ్యి, బల్ల మీద పెట్టింది, వేళ్ళు సగం తెరిచి ఉన్నాయి. అంచుల వెంబడి ఇంకేం లేదు. మధ్యలో మనిషి. గోధుమ రంగు గౌను. దాని చేతులు వేరే గుడ్డ, భుజం దగ్గర తాళ్ళతో కట్టారు."

"అప్పట్లో చేతులు విడిగానే కట్టుకునేవారు. మొహం?"

"మన వైపు చూస్తోంది."

"మన వైపా? పక్కకి కాదూ?"

"కాదు వదినా. సగం తిరిగి, మన వైపే. రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి."

ఆయన కాగితం తిప్పి పొర మీది మాటలు చదివాడు. "నోటరీ భార్య. కాన్పులో చనిపోయింది. ఆమె పోయిన తర్వాత భర్త ఈ చిత్రం వేయించాడు."

వదిన లేచి కూర్చుంది.

"నీకు తెలుసా భూతద్దం, అప్పటిదాకా ఆడవాళ్ళని పక్కనుంచే వేసేవాళ్ళు. నాణెం మీద తలకాయలా. ఒక కన్ను, ఒక చెవి. చూసేవాళ్ళు వాళ్ళని చూడాలి గానీ వాళ్ళు ఎవర్నీ చూడకూడదు. మెల్లగా తర్వాత తిప్పడం మొదలుపెట్టారు. ఇది చూడు, బతికున్న పెళ్ళాన్ని ఎలా చూశాడో తెలీదు, చచ్చిపోయాక మాత్రం ఆవిడ తనని చూడాలనుకున్నాడు. తిప్పి వెయ్యమన్నాడు. మళ్ళీ చెప్పు, ఆ కళ్ళు."

మళ్ళీ చెప్పాడు.

ఆ సాయంత్రం కింద భోజనాల దగ్గర ఆమె ఇదంతా చెల్లెలికి చెప్పింది. చెల్లెలు హాల్లో గోడ మీదున్న ఫోటో వైపు చూసింది. అక్కాచెల్లెళ్ళకు తల్లిది అదొక్కటే ఫోటో. ఏదో గుంపులో నిలబడి, ఫోటో తీసే క్షణానికి ఆమె పక్కకు తిరిగింది. ఒక చెవి, ఒక కన్ను.

"అమ్మ కూడా నాణెమేనే," అంది చెల్లెలు.

"అందుకే చెప్తున్నా," అంది అక్క.

లైబ్రరీలో పాఠకులు నెలకోసారి కలుస్తారు. ఒకరు ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడతారు. చూపు పోయినప్పటి నుంచి వదిన ఆ మెట్లు ఎక్కలేదు. ఎవరు పలకరిస్తున్నారో తెలియకుండా నవ్వుతూ నిలబడటం తన వల్ల కాదనేది. ఈసారి తనే చెల్లెలితో కబురు పెట్టింది, నోటరీ భార్య గురించి మాట్లాడతానని. లైబ్రేరియన్ ఒప్పుకుంది. బొమ్మలు గోడ మీద పెద్దవి చేసి చూపిద్దామని, భూతద్దంగారు పుస్తకం పట్టుకుని వస్తే తను ఫోటోలు తీసుకుంటానని చెప్పింది.

ఆ పైవారం పుస్తకం చివరికొచ్చింది. భూతద్దం చివరి బొమ్మ చెప్పాడు. మూలలు, అంచులు, మధ్య. కాగితం తిప్పాడు. తర్వాత పొర లేదు. అట్ట వచ్చింది.

"ఎవరావిడ?" అంది వదిన.

ఆయన ఒక పేజీ వెనక్కి తిప్పాడు. చివరి బొమ్మ మీది పొర ఎత్తి ఉంది. దాన్ని మళ్ళీ బొమ్మ మీద పరిచాడు. పొర మీది అక్షరాల సందుల్లోంచి కింద మెడలో ముత్యాల దండ కనిపించింది. పొర మీద 'ముత్యాల దండ వేసుకున్న యువతి' అని ఉంది. నిన్న ఆ మాటల్ని ఆయన దండ లేని మనిషికి చదివాడు. అప్పుడు, దండ గౌను లోపలికి వేసుకుందేమో అని వదిన అంటే అయి ఉండొచ్చన్నాడు.

"ఎవరయ్యా?"

"పేరు లేదు వదినా," అన్నాడు.

కిందకు దిగి, వంటింటి బల్ల మీద పుస్తకం పెట్టుకుని మొదటి నుంచి చూశాడు. ప్రతి పొరనూ దాని కింది బొమ్మ మీద పరిచి చూశాడు. అరవయ్యేళ్ళ ఆవిడ ముసలావిడే. మన వైపు చూస్తున్న స్త్రీ మీద ఉన్న పొర చదివాడు: పేరు తెలియని స్త్రీ. ఎవరు వేశారో, ఎందుకు వేశారో తెలియదు. నోటరీ భార్య ఆ తర్వాతి పేజీలో ఉంది. పక్కకు తిరిగి ఉంది. నాణెం మీద తలకాయలా.

భార్య పొయ్యి దగ్గర నుంచి అడిగింది. "ఏంటండీ, పుస్తకం అయిపోయిందన్నారుగా?"

"ఒకసారి సరిచూస్తున్నా."

"ఇంకా మీకు ప్రెస్సు పని పోలేదు. అక్క ఏం చేస్తోందో తెలుసా? అద్దం అడిగింది. కనపడదు కదే అంటే, జుట్టు అంచులు కనపడతాయిలే అంది. ఇన్నాళ్ళకి అద్దం అడిగిందండీ."

ఆయన పుస్తకం మూశాడు.

మర్నాడు చెబుదామని మేడెక్కాడు. వదిన గదిలో అటూ ఇటూ నడుస్తూ తనలో తను మాట్లాడుకుంటోంది. ఆయన అడుగుల చప్పుడు విని ఆగింది.

"కూర్చో. నువ్వు నా క్లాసు. ఎక్కడైనా బోరు కొడితే చెప్పు." మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. నోట్సు లేవు, తడబాటు లేదు. నోటరీ భార్య తల తిప్పే చోటికి వచ్చేసరికి ఆమె కూడా తల తిప్పింది. ఆయన ఉన్న చోటికి కాదు, కొంచెం పక్కకు. అలా తిప్పితేనే ఆయన ముఖంలో ఎంతో కొంత ఆమెకు అందుతుంది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"అంతేనా? అచ్చుతప్పులు?"

"లేవు," అన్నాడు.

లైబ్రరీకి వెళ్ళేటప్పటికి కూడా ఏం చేయాలో ఆయన తేల్చుకోలేదు. లైబ్రేరియన్‌తో చెప్పేస్తే ఆమె వదినతో చెబుతుంది, తనకు ఆ బాధ తప్పుతుంది అని ఒక ఆలోచన ఉంది. బొమ్మలు చూపించే సంగతే వద్దనాలని ఇంకొకటి ఉంది. లైబ్రేరియన్ పడుచు పిల్ల. కిటికీ దగ్గర బల్ల తుడిచి, పుస్తకం పరిచి, ఫోను పట్టుకుని నిలబడింది.

"నోటరీ భార్య ఏదండీ?"

ఆయన పేజీలు తిప్పాడు. మన వైపు చూస్తున్న స్త్రీ వచ్చింది. ఆగాడు. ఇంకొక్క కాగితం తిప్పితే చాలు. తిప్పలేదు.

"ఇదే," అన్నాడు.

ఆమె పొర ఎత్తబోయి ఆగింది. "దీని మీద పేరు తెలియని స్త్రీ అని ఉందండీ."

"ఈ పుస్తకంలో మాట బొమ్మ తర్వాత వస్తుందమ్మా. తర్వాతి పొర చూడు."

చూసింది. నోటరీ భార్య అని ఉంది. "అవునండోయ్! నేనైతే తప్పు పెట్టేదాన్ని. మీరుండబట్టి సరిపోయింది." ఫోటో తీసుకుంది.

సరిచూసుకోకుండా చదివినంతకాలం అది పొరపాటు. ఆ కిటికీ దగ్గర అది ఇంకొకటయింది. ఇంటికి నడుస్తూ ఆయన దాన్ని ఏమనాలో వెతుక్కున్నాడు. ప్రెస్సులో దానికి మాట లేదు. తప్పును తెలిసి వదిలేసిన మనిషి అక్కడ ఎవరూ లేరు, ఉన్నా చెప్పుకోలేదు.

ఆదివారం పొద్దున హాలు నిండింది. వదిన చెల్లెలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. గోడ మీద ఆ ముఖం మనిషంత ఎత్తున పడింది. వదిన దానికి వీపు పెట్టి నిలబడి మాట్లాడింది. ఆమె 'కింద కుడి మూల చెయ్యి' అన్నప్పుడు అందరూ చెయ్యి చూశారు. 'వేళ్ళు సగం తెరిచి' అన్నప్పుడు వేళ్ళు చూశారు. 'ఇప్పుడు మధ్యకు రండి' అన్నప్పుడు, గోడ మీది కళ్ళు వాళ్ళను చూశాయి. భూతద్దం చివరి వరసలో కూర్చుని నేల చూశాడు. చెప్పిన ప్రతి మాటా గోడ మీది బొమ్మకు సరిపోయింది.

అయిపోయాక అందరూ ఆమె చుట్టూ చేరారు. పాత విద్యార్థి ఒకడు, "టీచర్, ఇప్పటికీ మూలల నుంచే మొదలుపెడుతున్నారా?" అన్నాడు. గొంతు గుర్తుపట్టి ఆమె అతని చెవి కోసం చెయ్యి చాపింది. మందుల షాపు ఆవిడ అందరికంటే చివర వచ్చింది. నిరుడు ఆమె కూతురు కాన్పులో పోయింది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. దగ్గరికొచ్చి వదిన రెండు చేతులూ పట్టుకుని నిలబడింది. తర్వాత లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, ఆ బొమ్మ తనకొకటి కావాలని అడిగింది.

"నువ్వు లేకపోతే ఇదంతా లేదు," అంది వదిన, ఇంటికొచ్చే దారిలో. "నీ కళ్ళతో మాట్లాడానయ్యా ఇవాళ."

"ఎండగా ఉంది, నీడకి రండి వదినా," అన్నాడు ఆయన.

కొన్నాళ్ళకు వదిన కంటి చుక్కల కోసం మందుల షాపుకు వెళ్ళాడు. దారిలో లైబ్రేరియన్ పిలిచి ఒక అట్ట ముక్క చేతిలో పెట్టింది. ఆ బొమ్మకు ఫ్రేము కట్టించి రీడింగ్ రూములో పెడుతున్నామని, కింద పెట్టే కార్డు ఇదని చెప్పింది. "తప్పుల్లేకుండా ఒకసారి చూసిపెట్టండి. మీరు చూశారంటే ఇక తిరుగుండదు." నోటరీ భార్య అని ఉంది. మరణానంతరం వేయించినది అని ఉంది. అక్షరాల్లో తప్పు ఒక్కటీ లేదు. జేబులో పెట్టుకున్నాడు.

షాపులో కౌంటరు వెనక గోడ మీద కూతురి ఫోటో ఉంది. ఆ పక్కన టేపుతో అంటించిన బొమ్మ ఉంది. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. రెండు ముఖాలూ కౌంటరు వైపు చూస్తున్నాయి.

"ఇదైతే కళ్ళు మండవు, అక్కగారికి చెప్పండి," అంది ఆవిడ, సీసా ఇస్తూ. ఆయన చూపు ఎక్కడుందో గమనించింది. "పొద్దున షట్టర్ తియ్యగానే ఇద్దరూ నన్నే చూస్తారండి. ఆ నోటరీ ఎవడోగాని మంచి పని చేశాడు."

ఆయన చిల్లర తీసుకోవడం మరచిపోయి బయటికొచ్చాడు. ఆవిడ వెనకనుంచి పిలిస్తే మళ్ళీ వెళ్ళి తీసుకున్నాడు.

ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా మేడెక్కాడు. భార్య అక్కడే ఉంది, ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. వదిన ఒక కొస పట్టుకుంది. ఆయన గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. పొరలు, బొమ్మలు, మాటలు ఒక బొమ్మ పక్కకు జరిగిపోవడం. ఎక్కువ సేపు పట్టలేదు. ముందు మాటలు ఎంత కూర్చుకున్నా, చెప్పేటప్పుడు నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

వదిన దుప్పటి కొస వదల్లేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"చివరి బొమ్మ చెప్పిన రోజు."

"అంటే మీటింగుకి ముందే."

"ముందే."

"నేను మాట్లాడుతుంటే గోడ మీద ఏ బొమ్మ ఉంది?"

"మీరు చెప్పినదే."

"అది ఎవరు పెట్టారు?"

"లైబ్రేరియన్ అడిగింది. నేనే చూపించాను."

భార్య "అయ్యో రామ" అని, దుప్పటి తన వైపు కొస మంచం మీద వదిలేసింది.

"తప్పు చదివావు, అది పొరపాటు," అంది వదిన. గొంతు పెంచలేదు. "పిల్లలు పరీక్షల్లో రాస్తారు అలాంటివి. సున్నా వేసి మరచిపోతాం. నాకు కళ్ళు లేవని గోడ మార్చావు చూడు, దానికి ఎన్ని మార్కులు వెయ్యమంటావు?"

"మీరు మళ్ళీ బయటికి రావడం మానేస్తారేమోనని..."

"నా మీదికి తొయ్యకు."

ఆయన జేబులోని అట్ట ముక్కను తడిమాడు.

"నీ భూతద్దం పేరు పోతుందని భయపడ్డావు. ఆ మాట చెప్పు, వింటాను."

"అదీ ఉంది," అన్నాడు.

"పుస్తకం ఉందా, ఇచ్చేశావా?"

"ఉంది."

"అసలావిడని చూపించు."

ఆయన పుస్తకం తెచ్చి పేజీ తీశాడు. పొర మీది మాటలు ముందు చదివాడు. పొర ఎత్తాడు. నాలుగు మూలలూ చెప్పాడు. నాలుగు మూలల్లోనూ ఒకే రంగు. అంచుల వెంబడి ఏమీ లేదు. మధ్యలో పక్కకు తిరిగిన తల.

"కళ్ళు?"

"ఒకటే కనిపిస్తోంది. మన వైపు లేదు."

వదిన తలూపింది. ఆమె మంచం అంచు తడుముకుని కూర్చుని, ఎవరితోనూ కాకుండా, "ఎంత బాగా తిప్పాననుకున్నాను," అంది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "మందుల షాపు ఎన్నింటికి మూస్తారే?"

"నేను వెళ్ళి చెప్తాను వదినా," అన్నాడు ఆయన.

"చెప్పింది నా నోరు. నువ్వు వెనక రా."

వీధిలో ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచింది. ఆయన వెనక నడిచాడు. షాపులో ఎవరూ లేరు. వదిన కౌంటరు అంచు పట్టుకుని, క్లాసులో మాట్లాడినంత స్పష్టంగా చెప్పింది. ఆ రోజు తను చెప్పిన దాంట్లో తప్పుందని, గోడ మీదున్నది నోటరీ భార్య కాదని చెప్పింది.

మందుల షాపు ఆవిడ బొమ్మ వైపు చూసింది. "అయితే ఈవిడ కాన్పులో పోలేదా?"

"ఈవిడ ఎవరో, ఎలా పోయిందో ఎవరికీ తెలీదమ్మా."

"మరి ఆవిడ?"

"ఆవిడ పక్కకి తిరిగి ఉంది."

షాపు ఆవిడ కౌంటరు మీద గుడ్డతో ఒకే చోట తుడిచింది. "ఈ బొమ్మ వెనక్కి ఇచ్చెయ్యాలా?"

"అక్కర్లేదు. మీదే."

ఆవిడ అప్పుడు వదిన భుజం మీదుగా ఆయన్ని చూసింది. "చదివిపెట్టేది మీరేగా?"

"నేనేనండి."

ఆమె ఏదో అనబోయింది. దగ్గు మందు కోసం ఎవరో వచ్చారు. సీసా కోసం అటు తిరిగింది.

కార్డును ఆయన మర్నాడు లైబ్రేరియన్‌కు ఇచ్చాడు. 'నోటరీ భార్య' మీద అడ్డగీత గీసి, పక్కన 'పేరు తెలియని స్త్రీ' అని రాశాడు. మరణానంతరం అన్న వాక్యం మొత్తం కొట్టేశాడు. ఎందుకో చెప్పాడు. ఆ అమ్మాయి వింటూ కార్డు కేసి చూసింది గానీ ఆయన కేసి చూడలేదు. "నేను ఆ రోజు అడిగానండీ," అంది, అంతే. ఫ్రేము రీడింగ్ రూములో ఉంది, కింద కొత్త కార్డు ఉంది. కంటి చుక్కల కోసం ఆయన మళ్ళీ షాపుకు వెళ్ళినప్పుడు, కౌంటరు వెనక కూతురి ఫోటో ఒక్కటే ఉంది. పక్కన గోడ మీద నాలుగు టేపు ముక్కల గుర్తులున్నాయి. ఆవిడ చుక్కలిచ్చింది. ఆయన బొమ్మ ఏమైందని అడగలేదు.

చాలా రోజులు మేడ మీది గది నుంచి పిలుపు రాలేదు. ఆయన మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర పాత పేపర్లు చదివాడు. ఒకరోజు భార్య మెట్ల మీదనుంచి పిలిచింది.

"అక్క రమ్మంటోంది. కళ్ళజోడు తెచ్చుకోండి."

గదిలో రెండు కుర్చీలున్నాయి. ఎప్పుడూ ఆయన కూర్చునే కుర్చీలో భార్య కూర్చుంది. రెండోది ఆ పక్కన వేశారు.

"మొదటి నుంచి మళ్ళీ చదువుదాం," అంది వదిన. "మాటలు నువ్వు చదువు భూతద్దం. బొమ్మలు ఇది చెప్తుంది."

"నాకేం తెలుసే, నేనెప్పుడు చూశానూ," అంది చెల్లెలు.

"అందుకే."

ఆయన చదివాడు. మాట ముందు, బొమ్మ తర్వాత. పొర చదవడం అవగానే పుస్తకాన్ని భార్య ఒడి వైపు తిప్పేవాడు. ఆమె మధ్యలో మొదలుపెట్టేది, వదిన "మూలల నుంచే మొద్దూ" అనేది, ఆమె "ముక్కు కనపడుతుంటే మూలలెవరు చూస్తారే" అనేది. ఆయన నవ్వబోయి మానుకునేవాడు. ఆమె కిటికీని తలుపు అంటే సరిచేయబోయి ఆగేవాడు. కొన్నాళ్ళకు నోటరీ భార్య పేజీ వచ్చింది. చదివాడు. పొర ఎత్తి, పుస్తకం తిప్పాడు.

చెల్లెలు నాలుగు మూలలూ చెప్పింది. ఏమీ లేవంది. మధ్యకొచ్చి ఆగింది.

"ఏంటే?"

"ఉండు." ఆమె పుస్తకం కిటికీ వైపు ఎత్తింది. "ఈవిడ పక్కకి తిరగడం ఊరికే తిరగలేదక్కా. నోరు కొంచెం తెరిచి ఉంది. అవతలి వైపు ఎవరో ఉన్నారు. వాళ్ళతో ఏదో అంటోంది."

వదిన తన ముఖాన్ని పుస్తకం వైపు, కొంచెం పక్కకు తిప్పింది.

భూతద్దం కూడా వంగి చూశాడు. పెదవుల మధ్య సన్నగా ఒక చీకటి గీత ఉంది. ఈ బొమ్మను ఆయన ఇదివరకు మూడుసార్లు చూశాడు. ఒకసారి తెలియక, ఒకసారి వంటింట్లో, ఒకసారి ఈ గదిలోనే నిలబడి. కన్ను మన వైపు లేదని చెప్పి, అక్కడితో ఆగిపోయాడు.

"నిజమేనా భూతద్దం?" అంది వదిన.

"నిజమే వదినా," అన్నాడు. "నేను చూడలేదు."

"సరే," అంది ఆమె. "తర్వాతి పొర చదువు."